కూటికి తోడు

పోయిన సంక్రాంతికి జపాన్ నుంచి గోరంట్లకు వచ్చిన మా తమ్ముని కొడుకు, సంచిలోంచి ఒక పొట్లం తీసి మా పెద్దమ్మ ఒళ్ళో పెట్టినాడు. విప్పి చూస్తే గోధుమరంగు పుట్టగొడుగులు. బాగా ఎండి, అంచులు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. ఆమె ఒకదాన్ని చేతిలోకి తీసుకుని గోటితో కొట్టింది. టక్కున మోగింది.

"ఏమిరా ఇది, చెప్పుతోలు మాదిరి ఉండాది. ఎట్ల తింటారు దీన్ని?"

"అట్లనే తినరవ్వా. రాత్రంతా నీళ్ళలో నానబెట్టల్ల. ఆ నీళ్ళతోనే బియ్యం ఉడికించల్ల."

"అట్ల చెప్పు. ఒరుగులు!" అని ఆమె ఆ పొట్లం తీసుకుపోయి గోరుచిక్కుడు ఒరుగుల డబ్బా పక్కన పెట్టేసింది.

జపాన్ వాళ్ళ టకికోమి గోహన్ గురించి తర్వాత నేను చదివిందంతా తిరిగి తిరిగి ఆ డబ్బా దగ్గరికే వచ్చి చేరింది. బియ్యం చాలని ఇంట్లో కుండ నిండుగా కనబడటానికి పుట్టిన వంట అది. మా సీమ సంగటి పుట్టుకా అదే. ఎక్కడో సముద్రం మధ్య ఉన్న వానల దేశమూ, చినుకు కోసం మొగం పైకెత్తి చూసే మా మెట్టసీమా ఒకే ఉపాయం పన్నినాయంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఉపాయం పుట్టించేది ఆకలి. దానికి దేశం ఏదైతేనేం?

ముందు పేరు సంగతి. టకు అంటే అన్నం వండటం, కోము అంటే లోపలికి చేర్చడం. గోహన్ అంటే అన్నం, మొత్తం భోజనం కూడా. మన 'కూడు' లాంటి మాట. బియ్యంలోనే కూరముక్కలు, నానిన పుట్టగొడుగులు, సోయా సాసు వేసి అన్నీ ఒకే కుండలో ఒకేసారి ఉడికిస్తే అది టకికోమి. అన్నం విడిగా వండి తర్వాత కలిపితే దాని పేరు వేరు, మజె గోహన్. ఈ తేడా మనకూ ఉంది, పేర్లు పెట్టుకోలేదు, అంతే. చిత్రాన్నం, పులిహోర వండినాక కలిపేవి. పులగం, కట్టెపొంగలి, కన్నడదేశం నుంచి వచ్చి హిందూపురం హోటళ్ళలో కాపురం పెట్టిన బిసిబేళెబాతు కలిపి వండేవి. పులిహోరలోని 'హోర' పాత తెలుగు ఓగిరమే, అన్నమని అర్థం. సరిహద్దు దాటి బాగేపల్లికి పోతే అదే పుళియోగరె అవుతుంది.

జపాన్‌లోనూ ఊరు మారితే పేరు మారుతుంది. ఐదు దినుసులు పడితే గొమొకు గోహన్. ఒకినావా దీవుల్లో జూషీ. ఒసాకా, క్యోటో వైపు కయాకు గోహన్. నాకు నచ్చింది ఈ చివరి పేరు. వాళ్ళ నాటువైద్యంలో అసలు మందుకు తోడుగా వేసే చిన్న మందును కయాకు అంటారు. అంటే అన్నం అసలు మందు, మిగిలినవన్నీ తోడు. కరువు చూసిన జాతి పెట్టిన పేరది.

వరి సాగు జపాన్‌కు క్రీస్తు పూర్వమే ఆసియా ఖండం నుంచి చేరింది. అయితే పండించినవాడి కంచంలోకి ఆ అన్నం చేరడానికి చాలా శతాబ్దాలు పట్టింది. 1603 నుంచి 1868 దాకా నడిచిన ఎడో కాలంలో ప్రభువు హోదానూ, సమురాయి జీతాన్నీ, ఊరి పన్నునూ కొకు లెక్కన కొలిచేవారు. ఒక కొకు అంటే 1,000 గోల బియ్యం. ఒక గో 180 మిల్లీలీటర్లు. ఒక మనిషికి ఏడాదికి ఒక కొకు సరిపోతుందని లెక్క. పన్ను బియ్యం బండి ఊరు దాటినాక రైతు ఇంట్లో మిగిలిన కాసిని గింజలకు అవా, బార్లీ, ముల్లంగి, ముల్లంగి ఆకు, ఏది దొరికితే అది చేర్చి ఉడికించేవారు. దాన్ని కటెమెషి అన్నారు, కలగలుపు అన్నమని. అవా అంటే మరేదో కాదు, మన కొర్ర. టకికోమికి అవ్వ ఈ కటెమెషి. మీ ఇంట్లో జపాన్ రైస్ కుక్కర్ ఉంటే దాంతో వచ్చిన ప్లాస్టిక్ గ్లాసు ఒకసారి కొలిచి చూడండి. అది సరిగ్గా ఒక గో. పన్ను పోయింది, కొలత మిగిలింది.

1802 నాటికి పట్నవాసుల చేతిలో కథ మలుపు తిరిగింది. ఆ ఏడు ఒసాకాలో 'మెయ్‌హాన్ బురుయి' అనే పుస్తకం అచ్చయింది. వందకు పైగా అన్నం వంటకాలు అందులో ఉన్నాయి. పల్లెలో బియ్యం చాలక చేసుకున్నదాన్ని పట్నంలో రుచికోసం చేసుకోవడం మొదలైంది. వంటల చరిత్ర పొడుగునా ఈ దారి కనబడుతుంది. మన రాగిసంగటి స్టార్ హోటల్లో నాటుకోడి పులుసు పక్కన కూర్చున్నది ఈ దారినే.

ఇక మా వైపు. చిత్రావతి కర్ణాటకలో పుట్టి, బాగేపల్లి దాటి, గోరంట్ల పక్కగా సాగి, పుట్టపర్తి, ధర్మవరాల మీదుగా పోయి గండికోట దగ్గర పెన్నలో కలుస్తుంది. నది అనే పేరేగానీ ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. దేశంలోకెల్లా వాన తక్కువ పడే ప్రాంతాల్లో అనంతపురం సీమ ఒకటి. అందుకే ఇక్కడ రాజ్యం చేసినవాళ్ళు కోటల కన్నా ముందు చెరువుల గురించి ఆలోచించాల్సి వచ్చింది. బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు ఆ ఆలోచన ఫలమే. చెరువు కింద మడి ఉన్నవాడికి వరి. గట్టుమీద చేను ఉన్నవాడికి రాగులు, కొర్రలు, జొన్నలు, అనుములు. ఈ రెండింటినీ ఒకే కుండలో కలిపింది సంగటి. ఎసట్లో పిడికెడు నూకలు పోసి, మెత్తగా ఉడికినాక పైన రాగిపిండి గుట్టగా పోసి, మూత పెట్టి మగ్గనిచ్చి, కట్టెతో కెలికి ముద్ద చేస్తారు. నూకలు ఎన్ని పడినాయన్నదాన్ని బట్టి ఆ ఇంటి స్థితి తెలిసేది. మా పెద్దమ్మ చిన్నప్పుడు వాళ్ళింటి సంగటిలో అన్నం మెతుకు వెతికితేగానీ కనబడేది కాదట. పెండ్లిచూపులకు వచ్చినవాళ్ళ ముందు మాత్రం తెల్లగా ఉండేదని నవ్వుతుంది.

1565లో తళ్ళికోట దగ్గర ఓడిపోయినాక విజయనగర రాజధాని పెనుకొండకు తరలింది. అంతకు ముందునుంచే ఈ సీమ అంతా ఆ రాజుల నీడలోనే ఉంది. లేపాక్షి వీరభద్రుడి గుడి, గోరంట్ల మాధవరాయస్వామి గుడి అందుకు సాక్ష్యం. గుడి ఉన్నచోట ప్రసాదం, ప్రసాదం ఉన్నచోట పులిహోర, దద్ధ్యోదనం, పొంగలి. కలిపిన అన్నానికి మన దగ్గర పెద్దరికం తెచ్చింది దేవుడే. చింతపండు పులుపు, నూనె పట్టిన అన్నం మరునాటికీ చెడదు, ఆకులో చుట్టి దూరం తీసుకుపోవచ్చు. యాత్రికుడికి అంతకన్నా ఏం కావాలి?

కృష్ణదేవరాయలవారు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడనే భక్తుడు అతిథులకు పెట్టే భోజనాన్ని ఋతువుల వారీగా చెప్పుకొచ్చినాడు. ముసురు పట్టిన రోజుల్లో తడికట్టెల పొగ ఇల్లాలి కంట్లోకి పోకుండా కొబ్బరిచిప్పలతో పొయ్యి వెలిగించి వండించినాడట. చక్రవర్తికి ఇంత వంటింటి జ్ఞానం ఎట్ల వచ్చిందో అనిపిస్తుంది నాకు. ఆ వానకాలం విస్తట్లో సన్నన్నం, పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, పెరుగు, నెయ్యి ఉన్నాయి. వాటి మధ్యన వరుగులు కూడా ఉన్నాయి. అవే మా వైపు ఒరుగులు. ఎండాకాలం మిగిలిన గోరుచిక్కుడు, వంకాయ, మామిడి ముక్కలను మిద్దెమీద ఎండబెట్టి, కూర దొరకని రోజుల కోసం దాచుకోవడం 500 ఏండ్ల కింద రాజుగారి కావ్యంలోనూ ఉంది, మా పెద్దమ్మ అటకమీదా ఉంది.

కానీ ఆ విస్తట్లో పుట్టగొడుగు లేదు. ఉండదు. మనుస్మృతి ఉల్లి, వెల్లుల్లితో పాటు కవకాలను, అంటే పుట్టగొడుగులను, ద్విజులకు నిషేధించింది. పల్లెల్లో మాత్రం తొలకరి ఉరుములకు పుట్టల మీద తెల్లగొడుగులు విచ్చుకున్నాయంటే పిల్లలం పరుగెత్తేవాళ్ళం. పేరే పుట్టగొడుగు కదా, చెదపుట్టకూ దానికీ ఉన్న చుట్టరికం మాటలోనే ఉంది. శాస్త్రం వద్దన్నదాన్ని ఎంతోమంది ఎంచక్కా తిన్నారు. అయితే అది ఆ పూటకే, తెచ్చిందే తడవు వండుకోవడం. దాన్ని ఎండబెట్టి ఏడాదంతా దాచుకోవాలన్న ఆలోచన మా వైపు ఎవరికీ వచ్చినట్టు లేదు.

జపాన్‌లో లెక్క తలకిందులు. బౌద్ధ సన్యాసులకు మాంసం, చేప నిషిద్ధం, ఉల్లి వెల్లుల్లి నిషిద్ధం. పుట్టగొడుగు ఒప్పు. నీచు లేకుండా నీచంత రుచి పుట్టించే దినుసు వాళ్ళకు కావలసి వచ్చింది. ఎండిన షియిటాకె (మా పొట్లంలోని పుట్టగొడుగు అదే), కొంబు అనే సముద్రపు నాచు ఆ లోటు తీర్చినాయి. షోజిన్ ర్యోరి అనే ఆలయ వంట పులుసు రుచంతా వీటిమీదే నిలబడింది.

డోగెన్ అనే జెన్ గురువు 1237లో మఠం వంటవాడి ధర్మాల మీద ఒక చిన్న పుస్తకం రాసినాడు. అందులో తన అనుభవం ఒకటి చెప్పినాడు. 1223లో ఆయన ఓడ చైనా రేవులో ఆగి ఉండగా, 61 ఏండ్ల ముసలి సన్యాసి ఒకడు చాలా దూరం నడిచి వచ్చినాడు. మఠంలో వంట బాధ్యత ఆయనదే. మరునాడు సన్యాసులకు పులుసు కాయడానికి జపాన్ సరుకు కొనుక్కోవాలని వచ్చినాడు. ఈ రాత్రికి ఉండిపొండి, వంట ఇంకెవరైనా చేస్తారు కదా అని డోగెన్ అడిగితే ఒప్పుకోలేదు. ఈ వయసులో ఈ వంటపని ఎందుకు, కూర్చుని ధ్యానం చేసుకోవచ్చు కదా అంటే నవ్వి, సాధన అంటే ఏమిటో నీకింకా తెలియలేదు నాయనా అన్నట్టుగా చెప్పి వెళ్ళిపోయినాడు. ఆయన కొన్న సరుకు ఎండు షియిటాకె అని చాలామంది చదువుతారు. మూలంలో ఉన్న చైనా అక్షరానికి మాత్రం మల్బరీ పండు అని కూడా అర్థం ఉంది. ఈ చిక్కు మిగతావాళ్ళకు ఎట్లనో గానీ, చుట్టూ మల్బరీ తోటలున్న గోరంట్లలో కూర్చుని చదివేవాడికి మాత్రం భలే తమాషాగా ఉంటుంది.

మొదట్లో షియిటాకెను అడవిలో ఏరుకునేవారు. 17వ శతాబ్దంలో బుంగో సీమ రైతులు, అంటే నేటి ఒయితా జిల్లా వాళ్ళు, చెట్టుమొద్దులకు గొడ్డలితో గాట్లు పెట్టి గాలిలో ఎగిరివచ్చే బీజాలు ఆ గాట్లలో దిగాలని ఎదురుచూడటం మొదలుపెట్టినారు. దిగితే పంట, దిగకపోతే మొద్దులన్నీ దండగ. మా వేరుశనగ రైతు జూన్‌లో మబ్బుల వంక చూసినట్టే. 1940లలో మోరి కిసాకు అనే శాస్త్రవేత్త చిన్న కొయ్యముక్కల్లో బీజాన్ని పెంచి మొద్దుల్లో దిగ్గొట్టే పద్ధతి కనిపెట్టినాక ఆ జూదం తప్పింది. ఎండు షియిటాకె పంటలో ఒయితా ఇప్పటికీ జపాన్‌లో మొదటి స్థానంలో ఉంది.

ఆ ఒయితాలోనే కునిసాకి ద్వీపకల్పం ఉంది. అక్కడ వాన తక్కువ, అగ్నిపర్వతపు నేల నీటిని నిలవనివ్వదు. అందుకని పాతవాళ్ళు 1,200కు పైగా చిన్న చెరువులను ఒకదానితో ఒకటి కలుపుతూ కట్టుకున్నారు. చెరువుల పైన కునుగి చెట్ల అడవి. వాన నీళ్ళను పట్టేదీ ఆ అడవే, పుట్టగొడుగుల మొద్దులను ఇచ్చేదీ ఆ అడవే. మొద్దు కొట్టిన మోడు మళ్ళీ చిగురుస్తుంది. 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఈ ఏర్పాటును ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. గొలుసుకట్టు చెరువులంటే మా సీమలో చిన్నపిల్లవాడికీ తెలుసు. వాళ్ళవి నిండి ఉన్నాయి. మావి చాలాచోట్ల కంపచెట్లతో నిండి ఉన్నాయి. అడవిని చెరువు నుంచి విడదీసి చూడటం దగ్గరే మేము తప్పినామని నా అనుమానం.

జపాన్ మా ఇలాకాకు వంటగా రాలేదు, పట్టుపురుగుగా వచ్చింది. 19వ శతాబ్దం చివర జంషెట్జీ టాటా బెంగళూరులో పట్టు క్షేత్రం పెట్టి జపాన్ నిపుణులను రప్పించినాడు. దాని తర్వాత పెద్ద అడుగు 1991లో పడింది. జపాన్ సహకార సంస్థ జైకా, మన కేంద్ర పట్టు మండలి కలిసి మైసూరు కేంద్రంగా బైవోల్టిన్ పట్టు పథకం మొదలుపెట్టి 2007 దాకా నడిపించినాయి. అప్పటిదాకా మా రైతులు పెంచింది పచ్చగూళ్ళ సంకరజాతి. తెల్లగూళ్ళ బైవోల్టిన్ మన ఎండలకు తట్టుకోదనే అందరూ అనుకునేవారు. మైసూరులో తయారైన సీఎస్ఆర్ అనే బైవోల్టిన్ జాతులు కర్ణాటక, ఆంధ్ర, తమిళనాడు పల్లెలకు చేరినాక ఆ మాట మారింది. హిందూపురం పక్క కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది, హిందూపురం గూళ్ళ మార్కెట్ ఉంది, ధర్మవరంలో మగ్గం ఉంది. అట్ల జపాన్ మల్బరీ ఆకులోకి, పురుగులు గూళ్ళు అల్లే చంద్రికలోకి, చీరలోకి వచ్చింది. వంటింటి గడప దాటడానికి మాత్రం ఇంకా సమయం పట్టింది.

ఈలోగా రెండు దేశాల్లోనూ అన్నం గట్టున పడింది. జపాన్‌లో 1918లో ధరలు తట్టుకోలేక తొయామా తీరంలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన బియ్యం అల్లర్లు దేశమంతా పాకి ప్రభుత్వాన్నే దించేసినాయి. యుద్ధకాలంలో మళ్ళీ కలగలుపు అన్నమే గతి అయింది. 1955 డిసెంబరులో తోషిబా ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ అమ్మకానికి వచ్చింది. దాన్ని తయారుచేసిన మినామి యోషితాదా భార్య ఫుమికో ఏండ్ల తరబడి రోజూ అన్నం వండి వండి పరీక్షించి చూసింది. 1962లో తలకు 118 కిలోల బియ్యం తిన్న జపాన్, తర్వాత తగ్గించుకుంటూ వచ్చి ఇప్పుడు అందులో సగానికి దిగింది. కడుపునిండా తెల్లన్నం దొరికినాకనే కలగలుపు అన్నం ముద్దొచ్చింది. శరత్కాలంలో పుట్టగొడుగులు, వసంతంలో వెదురుమొలకలు అని ఋతువుకొక టకికోమి చేసుకుంటున్నారు.

మాకు ఆ మలుపు 1983లో. ధాత కరువు (1876–78) కథలు తాతల నోట విన్నవాళ్ళు, 1952 గంజి కేంద్రాల వరుసల్లో నిలబడినవాళ్ళు అప్పటికి ఇంకా ఉన్నారు. ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చినాడు. 1985లో ఆయన హిందూపురం నుంచే శాసనసభకు ఎన్నికైనాడు కూడా. తెల్లకార్డు బియ్యం వచ్చినాక సంగట్లో నూకల పాలు పెరిగింది, తర్వాత రాగిపిండే వాసనకు మిగిలింది, ఆ తర్వాత సంగటి ఆదివారం వంట అయింది. ఆకలి తీరినందుకు సంతోషించకుండా రాగులు పోయినాయని ఏడ్చేవాళ్ళంటే నాకు పడదు. కరువులో గంజికి నిలబడినవాడికి తెల్లన్నం విలువ తెలుసు. అయినా చేనులో కొర్ర, రాగి తగ్గిపోయి వేరుశనగ ఒక్కటే పరుచుకోవడం వల్ల వచ్చిన నష్టం కూడా నిజమే.

తర్వాతి అంకం కొరియా వాళ్ళది. 2017లో పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారానికి ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికి వచ్చింది. అప్పటికి దాని సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. 44వ నంబరు రహదారి పక్కన కొరియా అక్షరాల బోర్డులు లేచినాయి, హోటళ్ళు వెలిసినాయి. కిమ్చీ పేరు ఆటోవాళ్ళకు కూడా తెలిసింది. కొరియా వాళ్ళ బిబింబాప్ అంటేనే కలిపిన అన్నమని అర్థం. వాళ్ళూ ఇదే షియిటాకెను ఎండబెట్టి దాచుకుంటారు, ప్యోగో అంటారు. జపాన్ కంపెనీలు మాత్రం మన రాష్ట్రంలో సముద్రం వైపు, శ్రీసిటీలో దిగినాయి. ఇసుజు అక్కడ 2016లో మొదలైంది.

పొట్లం సంగతికి వస్తాను. మొదటిసారి వండింది నేనే, చెడగొట్టిందీ నేనే. తొందరపడి పుట్టగొడుగులను వేడినీళ్ళలో వేసినాను. బియ్యాన్ని సోయా సాసు కలిపిన నీళ్ళలోనే నానబెట్టినాను. అన్నం లోపల పలుకు మిగిలింది, పులుసు చప్పగా ఉంది. ఉప్పు ఉన్న నీటిని బియ్యం సరిగా పీల్చుకోదు. అందుకే ముందు మంచినీళ్ళలో అరగంట నాననిచ్చి, పొయ్యి ఎక్కించే ముందే సాసు పోయాలి. ఇక పుట్టగొడుగు. దాని రుచికి మూలం గ్వానిలేట్ అనే పదార్థం. కొంబు రుచికి గ్లుటమేట్ కారణమని 1908లో ఇకెదా కికునాయె తేల్చినాడు. షియిటాకెలో గ్వానిలేట్ సంగతిని 1950ల చివర కునినాకా అకిరా తేల్చినాడు. పచ్చి పుట్టగొడుగులో అది అంతంతమాత్రమే. ఎండినప్పుడు కణాలు పగులుతాయి. చల్లటి నీళ్ళలో నిదానంగా నాని, తర్వాత సన్నసెగ మీద 60, 70 డిగ్రీలు దాటుతుండగా లోపలి ఎంజైములు పనిచేసి దాన్ని పుట్టిస్తాయి. వేడినీళ్ళు గుప్పిస్తే ఆ ఎంజైములే చచ్చిపోతాయి. ఎండకు దానిలో డి విటమిన్ పెరగడం ఇంకో లాభం.

రెండోసారి వంట పెద్దమ్మ చేతికి పోయింది. ఐదు పుట్టగొడుగులు, రెండు లోటాల చల్లనీళ్ళు, రాత్రంతా. పొద్దునకు నీళ్ళు డికాక్షన్ రంగుకు తిరిగినాయి. గట్టి కాడలు కోసి పక్కన పెట్టి, తలలు సన్నగా తరిగింది. జపాన్ బియ్యం పొట్టిగా, జిగురుగా ఉంటుంది, దానికి బియ్యమంత నీళ్ళు, ఇంకొంచెం పోస్తే చాలు. మాది సోనా మసూరి, కాబట్టి ఒకటికి రెండు లెక్కన పోసింది. రెండు గ్లాసుల బియ్యానికి రెండు పెద్ద చెంచాల సోయా సాసు. తీపికి మిరిన్ అనే సారా వేయాలని పిల్లవాడు అంటే, "సారాయి నా పొయ్యి మీద పెట్టను పో" అని హిందూపురం బెల్లం నలుసంత వేసింది. క్యారెట్, పుట్టగొడుగు ముక్కలు బియ్యంలో కలపకుండా పైన పరిచింది. కలిపితే బియ్యం సమంగా ఉడకదని పిల్లవాడు చెబుతుంటే, "రాగిపిండి పైన పోసేది ఎందుకనుకున్నావురా?" అని అడిగింది. అడుగున గోరుచిక్కుడు ఒరుగులు గుప్పెడు వేసిందని తినేటప్పుడు గానీ మాకు తెలియలేదు.

ఉడికినాక పావుగంట మూత తీయలేదు. తీసేసరికి తొలకరి నేల వాసన. అడుగున పట్టిన మాడును జపాన్‌లో ఒకొగె అని పోటీపడి తింటారని చెప్పేలోపే, ఆమె గరిటెతో గోకి, ఆ ఎర్రటి చెక్కను తన కంచంలో వేసుకుని, మీద పెరుగు పోసుకుంది.

పొట్లంలో ఇంకా ఆరు పుట్టగొడుగులు మిగిలినాయి. ఎప్పుడు అడిగినా, ముసురు పట్టనీ, అప్పుడు తీస్తానంటుంది.